నొక్కినకొద్దీ పెరిగిన పడవ

రేవు దగ్గర ఒక చిన్న ఆఫీసులో మనిషి కావాలంటున్నారన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా పై అంతస్తు అక్క. సొంత అక్క కాదు. సూర్యాపేట నుంచి హాంబర్గ్ వచ్చి, మా నెత్తి మీది అంతస్తులో కాపురం పెట్టి, నన్ను అడక్కుండానే నాకు అక్క అయిపోయిన మనిషి. ఆ రోజుల్లో మంచి కబుర్లన్నీ నాకు మా బిల్డింగు నేలమాళిగలో, బట్టలుతికే మెషీన్ల దగ్గరే అందేవి. బయట వాన, లోపల సబ్బు వాసన, మధ్యలో మా ఇద్దరి తెలుగు. ఇప్పుడు తలుచుకుంటే దేవుడు నాతో మాట్లాడదలుచుకున్నప్పుడల్లా ఆ మెషీన్ల గదికే దిగివచ్చేవాడేమో అనిపిస్తుంది. (మా వాటాకి ఉతుకుడు వంతు శుక్రవారం. అది లక్ష్మీదేవి రోజని, వంతులు రాసే మా పక్కింటి జర్మన్ ముసలాయనకి ఎన్నడూ చెప్పలేదు. చెప్పినా వంతు మార్చేవాడు కాదు.)

"చెల్లె, ఆ షర్టులు పక్కకు వెట్టు, నా మాట ఇను. పోర్టు కాడ చిన్న కంపెనీ ఉన్నదంట. వెబ్ పేజీలు జేస్తరంట. సర్టిఫికెట్ అడగరంట, చేసి చూపెట్టుమంటరంట. నీ అసొంటోళ్ళ కోసమే పెట్టినట్టున్నరు."

"నాకేం వచ్చక్కా?" అన్నాను.

"ఏం రాదు? మొన్న నీ ఇంటికి కరివేపాకు కోసం వస్తే, నువ్వు పొయ్యి మీద పప్పు వెట్టి, బల్ల మీద కోడ్ రాసుకుంట కూసున్నవ్. పప్పు మాడింది గాని కోడ్ నడిచింది. నేను జూడలేదా?"

నా చదువు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడి అంటే ఏమిటో నేను ఎక్కువగా కిటికీలోంచే చూశాను. అక్షరాలూ స్తోత్రాలూ నాయనమ్మ దగ్గర, లెక్కలు నాన్న దగ్గర, డిగ్రీ తపాలా బంట్రోతు దగ్గర నేర్చుకున్నాను. పెళ్ళయి మావారి విమానాల ఉద్యోగం వెంట హాంబర్గ్ వచ్చాక, ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్లో ఊరికే పెట్టిన పాఠాలు చూసి వంటింటి బల్ల మీద జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాను. వాళ్ళెవరో నాకు తెలియదు కానీ సాయంత్రం దీపం పెట్టినప్పుడు వాళ్ళకీ ఒక దణ్ణం పెట్టేదాన్ని. ఇంట్లో నేర్చుకున్న చదువులో ఒక సుఖమూ ఒక చిక్కూ ఉన్నాయి. ఏ ప్రశ్న అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారో మనకి తెలియదు. పక్కన ఎవరూ లేరు కదా. కాబట్టి అన్నీ అడిగేస్తాం.

ఆఫీసులో నన్ను చేర్చుకున్న పెద్దాయనకి నేను పెట్టుకున్న పేరు మొయిన్ గారు. మొయిన్ అన్నది ఆ ఊరి పలకరింపు. పొద్దున్నా మొయినే, భోజనాల వేళా మొయినే, సాయంత్రం చీకటి పడ్డాక ఎదురైనా మొయినే. ఆయన నోట రోజుకి వచ్చే మాటల్లో సగం అదే. మిగతా సగం అవసరమైతేనే. చేరేటప్పుడే చెప్పారాయన: ఆరు నెలలు ప్రోబెట్సైట్, అంటే పరీక్షాకాలం. ఆ లోపల పని నచ్చితే ఉంచుతాం, నచ్చకపోతే చేయి కలిపి పంపిస్తాం. "అర్థమయిందా?" అన్నారు. అర్థమయింది. అంతకుముందు పెట్టిన దరఖాస్తులన్నీ 'చదివిన బడి పేరు' అన్న గడి దగ్గరే వెనక్కి వచ్చాయి. ఈ తలుపు కూడా మూసుకుంటే ఇంకో తలుపు తట్టే ధైర్యం నాకు మిగలదని నాకు తెలుసు. మావారికి కూడా ఆ మాట చెప్పలేదు. దేవుడికి చెప్పాను.

ఆ ఆరు నెలల చివర్లో నాకు ఒక పడవ అప్పగించారు. నిజం పడవ కాదు, దాని బొమ్మ. హాంబర్గ్ కాలువల్లో జనాన్ని తిప్పే ఒక పడవావిడ ఉండేది. ఆవిడ పడవకి టిక్కెట్లు ఇంటి నుంచే కొనుక్కునేలా ఒక పేజీ కావాలి. 'సీట్లు చూడండి' అని నొక్కితే పడవ బొమ్మ తెరుచుకోవాలి, వరసగా బల్లలు కనబడాలి, కావలసిన చోటు ఎంచుకోవాలి. పేజీలో అమర్చే ఇలాంటి చిన్న పరికరాన్ని విడ్జెట్ అంటారు. అప్పట్లో మేము వాడిన పద్ధతిలో ప్రతి విడ్జెట్ కీ రెండు ముఖ్యమైన చోట్లుండేవి. ఒకటి క్రియేట్, రెండోది ఇనిట్. మన పనులు ఆ చోట్లలో రాసిపెడితే వేళకి అవే జరిగిపోతాయి.

అక్కడ పట్టుకుంది నాకు అనుమానం. పుట్టించడం ఒకటి, మొదలుపెట్టడం ఒకటి. పుట్టడమే మొదలు కదా, మళ్ళీ ఈ రెండో మొదలేమిటి? పుస్తకం చూస్తే, విడ్జెట్ ని మొదటిసారి పిలిచినప్పుడు, అంటే మా పడవకైతే 'సీట్లు చూడండి' నొక్కినప్పుడు, క్రియేట్ జరుగుతుంది, దాని వెనకే ఇనిట్ జరుగుతుంది, ఆ తరవాత ఎన్నిసార్లు పిలిచినా ఇనిట్ ఒక్కటే జరుగుతుంది అని ఉంది. చదివినకొద్దీ తీపి తిన్న చీమలా దాని చుట్టూనే తిరిగాను. చివరికి మొయిన్ గారి బల్ల దగ్గరికి వెళ్ళాను.

"రెండు ఎందుకండీ?"

"ఒకటి ఒక్కసారే. ఒకటి ప్రతిసారీ."

"ఒకసారి పిలిచిన దాన్ని మళ్ళీ ఎవరు పిలుస్తారు?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి ఆలోచించారు. "మనుషులు," అన్నారు.

అంతే. నేను నా బల్లకి వచ్చి ఇంటి తర్కం మొదలుపెట్టాను. ఇనిట్ మొదటిసారీ జరుగుతుంది, తరవాతా జరుగుతుంది. అంటే ఎప్పుడు చూసినా హాజరు. అలాంటి నమ్మకస్తుడు ఇంట్లో ఉండగా ఒక్కసారి మొహం చూపించి మాయమయ్యే ఆ క్రియేట్ తో పనేమిటి? కాబట్టి బల్లలు వేయడం, రంగులు దిద్దడం, నొక్కే మీటలు అమర్చడం అన్నీ ఇనిట్ లోనే రాశాను. క్రియేట్ ని తీసెయ్యడానికి మాత్రం మనసొప్పలేదు. అంత పెద్దవాళ్ళు ఏదో ఉద్దేశంతో పెట్టిన చోటు. ఉత్తగా ఖాళీగా ఉంచడమూ బాగుండలేదు. అందుకని అందులో శ్రీరామ అని రాసి పెట్టాను. (కాగితం మీద మొదట శ్రీరామ రాయకుండా లెక్క మొదలుపెడితే నాన్న పెన్సిలు లాక్కునేవారు. కంప్యూటర్ లో ముందు రెండు ఏటవాలు గీతలు గీసి రాస్తే అది కోడ్ కి అడ్డం రాదు. దాన్ని వ్యాఖ్య అంటారు, యంత్రం చదవదు. రాముడు చదువుతాడు.)

పరీక్షించలేదా అంటారేమో. బ్రహ్మాండంగా పరీక్షించాను. కానీ ఎలా పరీక్షించానో చెబితే మీరు నవ్వుతారు. మా నాయనమ్మ నాకు సహస్రనామం నేర్పినప్పుడు ఒక కట్టడి పెట్టింది. మధ్యలో నామం జారిపోయినా, తుమ్మినా, పాలు పొంగుతున్నాయని లేచినా, మళ్ళీ మొదటినుంచి. మధ్యలో అతుకు వెయ్యకూడదు. ఆ అలవాటు నాకు ఎముకల్లోకి దిగిపోయింది. అందుకని పడవ పేజీని కూడా ప్రతి పరీక్షకీ ముందు మొత్తం కొత్తగా తెరిచేదాన్ని. రిఫ్రెష్ నొక్కడం, దణ్ణం పెట్టుకోవడం, 'సీట్లు చూడండి' నొక్కడం. పడవ ముచ్చటగా వచ్చేది. మళ్ళీ రిఫ్రెష్. అలా వారమంతా చూశాను. ఒక్కసారైనా పేజీని అలాగే ఉంచి రెండోసారి నొక్కిన పాపాన పోలేదు.

పడవావిడ వచ్చిన రోజు నాకు కళ్ళకి కట్టినట్టుంది. పెద్ద నారింజ రంగు కోటు, రబ్బరు బూట్లు, ఒక చేతిలో దాల్చినచెక్క బన్ను. ఆవిడ మా గదిలోకి రాగానే గది చిన్నదైపోయింది. ఈస్టర్ సెలవులకి పడవలు మొదలవుతాయి, ఈ లోపల పేజీ కావాలి. మొయిన్ గారు నన్ను చూపించి, "చేసింది ఈమె" అన్నారు. తరవాత నా వైపు వంగి, "ఇది ఒప్పుకుంటే నీ ప్రోబెట్సైట్ సంగతి మాట్లాడుకుందాం" అన్నారు మెల్లగా. 

పడవావిడ నొక్కింది. పది వరసల పడవ చక్కగా తెరుచుకుంది. "అబ్బ, అచ్చం నా పడవే!" అంది. నేను లోపల లక్ష్మీ అష్టోత్తరం సగంలో ఉన్నాను. ఆవిడ మూసి, బన్ను కొరికి, మళ్ళీ నొక్కింది. ఇరవై వరసలు. మళ్ళీ మూసి నొక్కింది. ముప్ఫై. బొమ్మ కంప్యూటర్ తెర దిగి ఇంకా కిందికి పోతోంది. ఆవిడ మౌస్ తిప్పుకుంటూ కిందికి కిందికి పోయింది, పడవ తోక దొరకలేదు.

"నా పడవ ఇంత పొడుగెప్పుడయింది?" అని అడిగింది.

"ఒక్క నిమిషమండీ," అని నేను చటుక్కున రిఫ్రెష్ నొక్కాను. పది వరసలు. "చూశారా, ఇప్పుడు బాగుంది."

ఆవిడ నా మొహం చూసి, బొమ్మని చూసి, ఒక్క వేలితో మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ నొక్కింది. అప్పుడు ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మామూలు నవ్వు కాదు, బల్ల మీద టీ గ్లాసు కదిలింది. "మొయిన్ గారూ," (ఆయన్ని అసలు పేరుతోనే పిలిచింది, నేను చెప్పకూడదు) "ఈ పడవ కాలువలో ఎలా తిరుగుతుంది? ముక్కు ఒక వంతెన కింద, తోక ఇంకో వంతెన కింద! వంద మంది కూర్చుంటే నేను మైకులో చెప్పేది వెనకవాళ్ళకి రేపు వినిపిస్తుంది!"

మొయిన్ గారు నవ్వలేదు. నా కోడ్ తెరిచి చూశారు. క్రియేట్ దగ్గర ఆగి, తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నారు.

"దేవుడి పేరండీ."

"ఇక్కడ ఇంకేమీ లేదు."

"లేదండీ."

ఆయన నిట్టూర్చారు. "రేపు మధ్యాహ్నం మళ్ళీ చూద్దాం. ఆ తరవాత మాట్లాడదాం."

'ఆ తరవాత' అన్న మాట నన్ను రైల్లో ఇంటిదాకా వెంబడించింది. తిన్నగా పై అంతస్తుకి వెళ్ళాను. అక్కది పరీక్షలు చేసే ఉద్యోగం, అంటే ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్ లో తప్పులు పట్టి జీతం తీసుకునే పని. జొన్నరొట్టె కాలుస్తూనే అంతా విని, అట్లకాడ పట్టుకుని వంగి వంగి నవ్వింది.

"ఓ పిచ్చిదానా! పోయినేటి గణపతిని నిమజ్జనం చెయ్యకుండనే ఈ యేడు గణపతిని తెచ్చి పక్కన కూసోబెట్టినవ్. మళ్ళొక గణపతి, మళ్ళొక గణపతి. మండపం నిండిపోదా మరి?"

"అయితే ఏం చెయ్యనక్కా?"

"ఒక్కపారి జేసే పనులు ఒక్కపారి జేసే కాడ వెట్టు. గంతే. తిను ముందు. ఆకలి మీద దేవుడు గూడ కోడ్ రాయలేడు."

నాకు కళ్ళు తెరుచుకున్నాయి. తెరుచుకోవడం కాస్త ఎక్కువే తెరుచుకున్నాయి. ఇంటికి దిగివచ్చి ఇనిట్ లో ఉన్నదంతా, చిల్లపెంకుతో సహా, క్రియేట్ లోకి సర్దేశాను. ఇంతకాలం ఆ చోటుని చిన్నచూపు చూశానన్న బాధతో దానికి సర్వాధికారాలూ ఇచ్చేశాను. ఇనిట్ ఖాళీ. ఈసారి రిఫ్రెష్ నొక్కకుండా చేతులు కట్టుకుని, తెరిచి, మూసి, తెరిచి చూశాను. పది వరసలే. మావారిని పిలిచి చూపించాను. ఆయన బుద్ధిగా చాలాసార్లు నొక్కి, "బ్రహ్మాండంగా ఉంది. విమానాలక్కూడా ఇలాంటిది ఉంటే బాగుణ్ణు, ఎన్నిసార్లు నొక్కినా రెక్కలు పెరగవు," అన్నారు. హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పడవావిడ మళ్ళీ అదే కోటుతో, ఇంకో బన్నుతో వచ్చింది. మొయిన్ గారు ఈసారి నుంచునే ఉన్నారు. ఆవిడ నొక్కి, మూసి, నొక్కి, మూసి, "పడవ బుద్ధిగా ఉంది," అంది.  "సరే, ఇప్పుడు నేను మా చెల్లెలిని," అని, ముందు వరసలో కిటికీ పక్కన మూడు చోట్లు ఎంచుకుంది. అవి ఎర్రబడ్డాయి. "అయ్యో, మా చెల్లెలు మనసు మార్చుకుంది. వద్దంది," అని మూసేసింది. "ఇప్పుడు నేను మా బావని," అని తెరిచింది. ముందు వరసలో మూడు చోట్లూ ఎర్రగానే ఉన్నాయి.

"చెల్లెలు దిగలేదే!" అంది పడవావిడ.

మూసి తెరిచింది. చెల్లెలు అలాగే ఉంది. "మా చెల్లెలు నిజంగానూ ఇంతే. ఒకసారి కూర్చుంటే లేవదు. కానీ నా బావ ఎక్కడ కూర్చోవాలి?"

మొయిన్ గారు టీ గ్లాసు కోసం చెయ్యి చాపి, గ్లాసు లేదని తెలుసుకుని, ఆ చెయ్యి అలాగే జేబులో పెట్టుకున్నారు.  అంతా అయిపోయిందని నాకు తెలియాలి. తెలిసే ఉంటుంది కూడా. కానీ నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఉద్యోగం నా బుర్రలో లేనే లేదు. ఎర్రగా కూర్చున్న ఆ మూడు చోట్లని చూస్తుంటే మా పుట్టింటి పూజగది కనబడింది. అందులో విగ్రహాన్ని ప్రతిష్ఠించింది ఎప్పుడో మా ముత్తాత, ఒక్కసారి. మళ్ళీ ఎవరూ ప్రతిష్ఠించలేదు. కానీ తెల్లారి తలుపు తియ్యగానే నాయనమ్మ చేసే మొదటి పని ఏమిటి? నిర్మాల్యం తియ్యడం. నిన్నటి పూలు తీసెయ్యకుండా ఇవాళ్టి పువ్వు పెట్టేది కాదు. రోజూ కొత్త దేవుడు అక్కర్లేదు. రోజూ పాత పూలు మాత్రం ఉండకూడదు. ఇన్నాళ్ళూ నేను ముందు రోజుకో దేవుణ్ణి చేశాను, తరవాత వాడిన పూలు అలాగే వదిలేశాను!

"నిన్నటి పూలు!" అని తెలుగులో గట్టిగా అరిచాను. "అందుకా రెండు!"

"బిట్టే?" అన్నారు మొయిన్ గారు, అంటే ఏమన్నావని.

నేను జవాబు చెప్పకుండా ఆయన్ని పక్కకి జరగమని (అవును, చేత్తోనే జరిపాను) నుంచునే రాయడం మొదలుపెట్టాను. బల్లలు వేసే పని క్రియేట్ లోనే ఉంచి, ఎవరో ఎంచుకుని వదిలేసిన చోట్లని తుడిచే పని ఇనిట్ లోకి తెచ్చాను. రాస్తూ రాస్తూ నాకు వచ్చిన జర్మన్ అంతా పోగుచేసి ఇద్దరికీ చెబుతున్నాను: దేవుడు ఒక్కసారి ఇంటికొస్తాడు, పువ్వులు రోజూ మారుస్తాం, పడవ ఒక్కసారి కడతాం, చెల్లెళ్ళని ప్రతిసారీ దింపుతాం. పడవావిడ బన్ను తినడం ఆపి వింటోంది.

"మరి దేవుడు రోజూ అక్కడే ఉంటే, పాత పువ్వులుంటే ఆయనకేం?" అని అడిగింది. వెటకారం లేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"ఆయనకేం లేదండీ. ఇవాళ్టి మనిషి వచ్చినప్పుడు తన చోటు ఖాళీగా ఉండాలి కదా."

ఆవిడ బన్ను బల్ల మీద పెట్టింది. తరవాత తెరిచింది. పది వరసలు, ఒక్కటీ ఎరుపు లేదు. చెల్లెలిని ఎక్కించింది, మూసింది, తెరిచింది. చెల్లెలు దిగిపోయింది. బావని ఎక్కించింది, దింపింది. ఊళ్ళో వాళ్ళ బంధువులందరినీ ఒక్కొక్కరినే ఎక్కించి దింపింది. ఆ నవ్వు మళ్ళీ వచ్చింది.

"ఈ అమ్మాయి ఉంటుందా?" అని అడిగింది మొయిన్ గారిని. "నిన్న నా పడవని పెంచింది ఈమే, ఇవాళ తగ్గించిందీ ఈమే. రేపు ఇంకేమైనా అయితే నేను కొత్తవాళ్ళ దగ్గరికి పోను. ఈమెకైతే నా పడవ తెలుసు."

మొయిన్ గారు గోడ మీది కేలండర్ లో ఒక్కో గడీ చూసుకుంటూ పోయారు. (అది నాలాంటి వాళ్ళకి ఒక ఏకాదశి.) చివరికి, "సోమవారం ఇంకో పని ఉంది. రెండు పడవలు," అన్నారు.

"ఎవరికండీ?" అన్నాను.

"మరి ఎవరికి?" అన్నారు ఆయన, టీ వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. నా ప్రోబెట్సైట్ గురించి మేము మాట్లాడుకున్నది అంతే.

ఇప్పుడు ఆ పద్ధతిలో ఎవరూ విడ్జెట్లు రాయడం లేదు. కొత్త పనిముట్లు వచ్చాయి, వాటిలో ఈ రెండు చోట్లూ వేరే పేర్లతో, వేరే వేషాలతో ఉన్నాయి. ఆఫీసులో చేరే పిల్లలు నాకన్నా ఎంతో తెలివైనవాళ్ళు, ఎవరికీ ఏదీ రెండుసార్లు చెప్పక్కర్లేదు. ఒక్కొక్కప్పుడు వాళ్ళ భుజాల మీదుగా తెర చూస్తూ, ప్రతి పరీక్షకీ ముందు రిఫ్రెష్ నొక్కి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునే ఒక సన్నటి పిల్ల నాకు గుర్తొస్తుంది. ఆ పిల్లని ఆపి, "అమ్మాయీ, ఒక్కసారి రెండోసారి నొక్కి చూడవే" అని చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ అనుకుంటాను, చెప్పకపోవడమే మంచిదయింది. చెప్పి ఉంటే పడవ పెరిగేది కాదు, ఆవిడ అంతలా నవ్వేదీ కాదు. ఇప్పటికీ ఏదైనా అంతుపట్టనిది ఎదురైతే ఆ పిల్లే నా లోపల ముందు లేచి నుంచుంటుంది, ఎందుకు, ఎందుకు అంటూ. దాన్ని ఇంకా ఎవరూ పెద్దదాన్ని చెయ్యలేదు. అదే నా అదృష్టం.

చివరగా ఒక్కటి అడుగుతాను. పడవావిడ కిందటేడు పడవ అమ్మేసింది. ఈ మధ్య నడుము ఎముకకి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. చూడడానికి వెళితే, "నాకు దేవుడి మీద నమ్మకం లేదు కానీ, నీకున్న అంతమందిలో ఎవరైనా ఖాళీగా ఉంటే నా సంగతి చెప్పు," అంది. నేను రోజూ చెబుతున్నాను. మీరు కూడా ఇవాళ దీపం పెట్టినప్పుడు ఒక్క క్షణం ఆవిణ్ణి తలుచుకోండి. పేరు తెలియదే అని సంకోచించకండి. హాంబర్గ్ లో గట్టిగా నవ్వే పడవావిడ అంటే చాలు. ఆయన పోల్చుకుంటాడు.